రాత్రంతా కారి, స్నానాల వేళకు ఆగిపోయే వేడినీళ్ల లీకు: సోలార్ లైన్ల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

హిందూపురం ఆడపడుచు:

అందరికీ నమస్కారం. మాది బెంగళూరు, రామమూర్తినగర్. కింద మేముంటాం, పైన రెండు పోర్షన్లు అద్దెకిచ్చాం. డాబా మీద గాజు ట్యూబుల సోలార్ హీటరుంది, 200 లీటర్లది, మామగారు ఇల్లు కట్టినప్పుడు పెట్టించింది. ట్యాంకు దగ్గర బయల్దేరిన వేడినీళ్ల పైపు డాబా మీద తిన్నగా 30 అడుగులు పోయి, పిట్టగోడ దగ్గర మలుపు తిరిగి, గోడ బయటి నుంచి మూడు ఇళ్ల బాత్రూములకూ దిగుతుంది. ఆ మలుపుకు కాస్త ముందు ఇత్తడి గేట్ వాల్వు ఉంది. బాధంతా దాని దగ్గరే.

వాల్వుకు రెండు వైపులా పైపు బిగించిన చోట నీళ్లు కారుతున్నాయి. ధారగా కాదు, చుక్క చుక్కగానే. కానీ రాత్రంతా కారితే తెల్లారేసరికి డాబా మీద చిన్న మడుగు. దాని కిందే పై పోర్షన్ వాళ్ల పడకగది. సీలింగుకు చెమ్మ దిగి, సున్నం పొక్కులు లేచి మంచం మీద రాలుతోందని ఫోన్ మీద ఫోన్. వాటర్‌ప్రూఫింగ్ వాళ్లను పిలిస్తే డాబా మొత్తం చేయాల్సిందే అంటున్నారు.

ప్లంబరు వచ్చినప్పుడల్లా చేసేది ఒకటే. వాల్వు విప్పుతాడు, తెల్ల టేపు చుడతాడు, పానా పెట్టి ఇంకో అర చుట్టు గట్టిగా తిప్పుతాడు. "ఇంక పదేళ్లు చూసుకోనక్కర్లేదు మేడమ్" అంటాడు. కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ మొదలు. ఆమధ్య మలుపులో ఎల్బో పగిలితే అదీ మార్చాడు.

నాకు అంతుపట్టనిది ఏంటంటే, అది రాత్రిపూట, తెల్లవారుజామున మాత్రమే కారుతుంది. ఆరున్నరకు స్నానాలు మొదలై ఆ పైపులో వేడినీళ్లు పారాక వెళ్లి చూస్తే ఆగిపోయి ఉంటుంది. పగలు ప్లంబరు వచ్చేసరికి అంతా పొడిగా ఉంటుంది. "ఎక్కడ మేడమ్ లీకు?" అని నన్నే అడుగుతాడు, నేనేదో కలగన్నట్టు. అందుకే చీకటితో లేచి టార్చి పట్టుకుని ఫొటోలు తీశాను, కింద పెడుతున్నాను.

ఇంకో విషయం, దీనికి సంబంధం ఉందో లేదో తెలీదు. షవర్‌లో నీళ్లు సన్నగా వస్తున్నాయని పై పోర్షన్ వాళ్లు అంటే దసరా ముందు ప్రెషర్ పంపు పెట్టించాం. ఇప్పుడు ఎవరూ కొళాయి తిప్పకపోయినా రాత్రిళ్లు అది ఉన్నట్టుండి గుర్రుమని ఆన్ అయి, వెంటనే ఆగిపోతోంది. కాసేపటికి మళ్లీ గుర్రు. మా అత్తగారికి నిద్ర లేదు.

నీళ్లు ఎక్కువగా బోరువే, చాలకపోతే ట్యాంకరు. వాల్వు మార్చేస్తే సరిపోతుందా, పైపులన్నీ మార్చాలా? ఎవరైనా చెప్పండి ప్లీజ్.

సింగసంద్ర బ్రహ్మచారి:

టెన్షన్ పడకండి అక్కా. ఎం-సీల్ రెండు ముద్దలూ బాగా కలిపి ఆ జాయింటు చుట్టూ మెత్తేయండి, పని అయిపోతుంది. మా పీజీలో అలాగే చేశారు. ఇప్పటికీ కారుతుంది గానీ మునుపటంత కాదు.

పీణ్య పాత ఫిట్టరు:

అమ్మా, పై తమ్ముడి సలహా చివరి వాక్యంతో సహా చదవండి, సరిపోతుంది. కదిలే జాయింటు మీద ఎం-సీల్ నిలవదు. పైగా రేపు ఆ వాల్వు విప్పాలంటే పానాకు పట్టు దొరక్క పైపే కోయాల్సి వస్తుంది.

నాది కదిరి. పీణ్యలో ఓ ఫ్యాక్టరీ బాయిలర్ హౌసులో పైపుల మధ్యే సర్వీసంతా గడిచింది. అక్కడ నేర్చుకున్నది ఒకటే: జాయింటు మళ్లీమళ్లీ కారుతుంటే జాయింటును తిట్టకూడదు, దాన్ని ఏది కదిలిస్తోందో వెతకాలి. మీ ప్లంబరు ఆ వెతుకులాట చేయలేదు. మీరు చేశారు. రాత్రి కారుతుంది, వేడినీళ్లు పారితే ఆగుతుంది అన్నారు చూశారా, సగం జవాబు అందులోనే ఉంది.

మీ రెండో ఫొటో పెద్దది చేసి చూశాను. వాల్వు ఇత్తడిది, బాగానే ఉంది. దాంట్లోకి బిగించిన ఎంటీఏ, అంటే పైపును వాల్వుకు కలిపే మర ఉన్న ముక్క, మాత్రం పూర్తి ప్లాస్టిక్‌ది. మర కూడా ప్లాస్టిక్కే. చన్నీళ్ల లైనులో అది ఏళ్లకేళ్లు పడుంటుంది, ఏమీ కాదు. వేడినీళ్ల లైనులో పనికిరాదు. ఎందుకంటే సీపీవీసీ, అంటే ఈ వేడినీళ్ల పైపుల ప్లాస్టిక్, వేడికి ఇత్తడి కన్నా మూడు రెట్లు ఎక్కువ సాగుతుంది. 60 డిగ్రీల నీళ్లు పారినప్పుడు ప్లాస్టిక్ మర ఉబ్బి ఇత్తడికి ఒత్తుకుంటుంది, లీకు ఆగుతుంది. అలా రోజూ ఒత్తుకుని, ఆ వేడికి మెత్తబడి, కొంచెం కొంచెంగా నలుగుతుంది. రాత్రి నీళ్లు పారవు, పైపు చల్లారిపోతుంది. ఈ నెలల్లో మన ఊళ్లో తెల్లవారుజామున 15 డిగ్రీలు కదా. అప్పుడు ఆ నలిగిన మర ముడుచుకుంటే ఇత్తడికీ దానికీ మధ్య సందు పడుతుంది. చుక్క అక్కడినుంచే. మీరు ఎన్ని చుట్ల టేపు వేసినా, ఎంత బిగించినా ఇదే తంతు. బిగించేకొద్దీ ఆ ప్లాస్టిక్ ఇంకా నలుగుతుంది.

అదే ఫొటోలో ఇంకొకటి. పైపంతా లేత మీగడ రంగులో ఉంది, మలుపులో ఎల్బో ఒక్కటీ తెల్లగా మెరుస్తోంది. పగిలితే మార్చాడన్నది అదే అయ్యుండాలి. మీగడ రంగుది సీపీవీసీ, వేడినీళ్లది. తెల్లది యూపీవీసీ, చన్నీళ్లది. సోలార్ నీళ్ల వేడికి అది మెత్తబడుతుంది, అతుకు వదులుతుంది. ఇవాళ కాకపోతే వేసవిలో అదీ ఊడుతుంది. ఆ రోజు ఆయన సంచిలో ఏది ఉంటే అది పెట్టేసినట్టున్నాడు.

ముందున్న ఎల్బో ఎందుకు పగిలిందో కూడా చెప్తాను. మీ పైపు తిన్నగా 30 అడుగులన్నారు, అంటే సుమారు 9 మీటర్లు. చల్లారిన పైపులోకి వేడినీళ్లు వస్తే 40 డిగ్రీలకు పైగా తేడా. అంత తేడాకు 9 మీటర్ల సీపీవీసీ రెండు సెంటీమీటర్ల పైచిలుకు పొడుగు సాగుతుంది. మీ మొదటి ఫొటోలో క్లాంపులు పైపును గొంతు పట్టుకున్నట్టు బిగించేశారు. సాగడానికి చోటు లేక ఆ పైపు రోజూ పొద్దున ఎల్బోను గోడవైపు తోస్తుంది, రాత్రి వెనక్కి లాగుతుంది. వాల్వు కూడా ఆ దారిలోనే ఉంది కాబట్టి దాని మరల మీద కూడా అదే లాగుడు.

ఇంతవరకు ఫొటోల్లో తెలిసింది. ఇప్పుడు అసలు భయం చెప్తాను. ఆ పంపు. కొళాయిలన్నీ కట్టేసినా అది ఆన్ అవుతోందంటే లైనులో ప్రెషర్ తగ్గుతోందని, అంటే నీళ్లు ఎక్కడో బయటికి పోతున్నాయని అర్థం. సంబంధం ఉందో లేదో అన్నారు, ఉంది. అయితే ఆ వాల్వు దగ్గర పోయే చుక్కలకు పంపు అంత తరచుగా ఆన్ కాకూడదు. ఇంకెక్కడో కూడా పోతోంది.

మీరు పొద్దున వెలుగొచ్చాక డాబా మీదికి వెళ్లి సోలార్ ట్యాంకును ఒకసారి చూడండి. ట్యాంకు పైనుంచి నిటారుగా సన్నటి పైపు ఒకటి లేచి ఉంటుంది, గాలి పైపు అంటారు. దాని కొస తెరిచి ఉందా, మూసి ఉందా? అది చన్నీళ్ల ట్యాంకు కన్నా ఎత్తులో ఉందా? గాజు ట్యూబులు ట్యాంకులోకి దూరే చోట నల్లటి రబ్బరు రింగులుంటాయి, వాటి కింద తెల్లటి చారలు కట్టాయా? చూసి చెప్పేదాకా పంపు స్విచ్ ఆపేయండి. షవర్ సన్నగా వస్తే రెండు రోజులు చెంబుతో పోసుకోమనండి, ఏమీ కాదు.

వాటర్‌ప్రూఫింగ్ వాళ్లకు ఇప్పుడే అడ్వాన్సు ఇవ్వకండి.

హిందూపురం ఆడపడుచు:

బాబాయ్ గారూ, మీ జవాబు మావారికి చదివి వినిపించాను. తెల్లవారగానే ఇద్దరం పైకెక్కాం.

గాలి పైపు కొసకు క్యాప్ పెట్టి ఉంది. అతికించేశారు, చేత్తో రాదు. ప్లంబరుకు ఫోన్ చేసి అడిగితే, పంపు పెట్టిన రోజు ఆ పైపులోంచి నీళ్లు ఫౌంటెన్‌లా చిమ్మాయనీ, డాబా అంతా తడుస్తుంటే తానే మూసేశాననీ తాపీగా చెప్పాడు. "అదేం పనికొచ్చే పైపు కాదు మేడమ్, కంపెనీవాళ్లు ఊరికే పెడతారు" అన్నాడు.

మీరు చెప్పిన రింగుల దగ్గర కూడా తెల్లగా ఉంది. మధ్యలో ఉన్న రెండు మూడు ట్యూబుల మీద సున్నపు చారలు కింద దాకా దిగాయి. ఒకదాని దగ్గర వేలు పెడితే తడి తగిలింది. ఇన్నాళ్లూ అది మంచు తడి అనుకున్నాం.

పంపు అప్పుడే ఆపేశాం. రాత్రి గుర్రు లేదు, అత్తగారు హాయిగా పడుకున్నారు. వాల్వు దగ్గర చుక్క మాత్రం ఉంది, కాకపోతే తక్కువ. ఇప్పుడేం చేయాలి? ఆ క్యాప్ మేమే కోసేయొచ్చా? భయంగా ఉంది.

పీణ్య పాత ఫిట్టరు:

భయపడాల్సినదే, కానీ పంపు ఆపారు కాబట్టి సగం గండం గడిచింది.

మీ సోలార్ ట్యాంకు ప్రెషరుకు కట్టింది కాదమ్మా. చన్నీళ్ల ట్యాంకు దానికన్నా ఓ ఆరడుగుల ఎత్తులో ఉంటుంది, ఆ ఎత్తు వల్ల వచ్చే బరువే అది మోయగలదు. ప్రెషర్ పంపు దానికి ఏడెనిమిది రెట్లు తోస్తుంది. గాలి పైపు తెరిచి ఉన్నప్పుడు ఆ తోపు అక్కడినుంచి బయటికి పోయింది, అందుకే ఫౌంటెన్. నిజానికి అది మీ ట్యాంకు పెట్టిన కేక. దాని నోరు మూసేశాడు. పోవడానికి దారి లేక ఆ ప్రెషరంతా రబ్బరు రింగుల్లోంచి, వాల్వు మరల్లోంచి దారి చేసుకుంది. పంపు రాత్రిళ్లు ఆన్ అవుతున్నది అందుకే. పైపులకు ఆ ప్రెషర్ ఓ లెక్క కాదు. ఎస్‌డీఆర్ 11 అనే మందం రకం సీపీవీసీ 82 డిగ్రీల వేడిలోనూ దాదాపు 7 బార్ల ప్రెషర్ తట్టుకుంటుంది. తట్టుకోలేనిది లోపల పలుచటి స్టీలు రేకుతో చేసిన ఆ ట్యాంకు.

ఇంకో రకం ప్రమాదం కూడా ఉంది. పైన చన్నీళ్లు అయిపోయి, కింద ఎవరో వేడినీళ్ల కొళాయి తిప్పారనుకోండి. ట్యాంకులో నీళ్లు దిగుతుంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి. దారి మూసి ఉంటే లోపలి రేకు పీల్చుకుపోయి సొట్టపడుతుంది. ఆ తర్వాత ట్యాంకు మార్చడం తప్ప మార్గం లేదు. కంపెనీవాళ్లు ఊరికే ఏదీ పెట్టరు, ఊరికే పెడితే వాళ్లకే నష్టం.

క్యాప్ తీయడం కష్టం కాదు. ఎండ పూర్తిగా పోయాక చేయండి. పంపు ఆపే ఉంచి, కింద ఇంట్లో వేడినీళ్ల కొళాయి ఒకటి తిప్పి, ధార మామూలుగా సన్నబడేదాకా వదలండి. లైనులో మిగిలిన ప్రెషర్ దిగిపోతుంది. అప్పుడు ఎవరైనా పెద్దవాళ్లు పక్కకు నిలబడి, ముఖం అటు పెట్టకుండా, హ్యాక్సా బ్లేడుతో క్యాప్ కిందుగా పైపు కోసేయాలి. కోశాక ఆ కొస చన్నీళ్ల ట్యాంకులో నీటిమట్టం కన్నా పైన ఉండాలి. తక్కువైతే ముక్క అతికి పెంచండి. కొసకు కిందికి వంగిన బెండు పెడితే వాన, చెత్త పడదు. దోమతెర ముక్క కట్టినా సరే, మూత మాత్రం వద్దు.

ఇక పంపు. సోలార్‌కు వెళ్లే చన్నీళ్లు పంపు తర్వాతి నుంచి తీసుకున్నట్టున్నాడు. దాన్ని విడగొట్టి పంపుకు ముందునుంచి, నేరుగా పై ట్యాంకు నుంచి ఇవ్వాలి. అక్కడితో ఆగితే ఇంకో తంటా వస్తుంది. షవర్ మిక్సరులో చన్నీళ్లు పంపు బలంతో, వేడినీళ్లు ఊరికే ఎత్తు బలంతో వస్తాయి. చన్నీళ్లు వేడినీళ్ల పైపులోకి ఎదురెక్కి సోలార్ ట్యాంకు దాకా పోతాయి, మళ్లీ గాలి పైపులో ఫౌంటెన్. అప్పుడు మళ్లీ ఎవరో క్యాప్ పెడతారు. కాబట్టి వేడినీళ్లకు పంపు కావాలంటే సోలార్ ట్యాంకు తర్వాత, వేడినీళ్లకు తయారుచేసిన పంపు విడిగా పెట్టించండి. చన్నీళ్లకు ఉన్నది చాలు. వేడి వైపు ఎన్‌ఆర్‌వీ, అంటే నీళ్లను వెనక్కి పోనివ్వని వాల్వు, తప్పనిసరి. అంత ఖర్చు వద్దనుకుంటే పంపు తీసేయండి. నన్నడిగితే తీసేయమనే అంటాను. ఒక షవర్ కోసం మూడు ఇళ్ల లైను మీద ఇంత బరువెందుకు? కానీ అద్దెకుండేవాళ్లతో మాట్లాడాల్సింది మీరు, నేను కాదు.

ఇప్పుడు వాల్వు. ట్యాంకు ఖాళీ చేసేది మాత్రం ఎండలో వద్దు. ఇది చాలామందికి తెలీదు. నీళ్లు లేని గాజు ట్యూబు ఎండకు లోపల 200 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో చన్నీళ్లు వదిలారా, టప్పుమని పగులుతుంది. సాయంత్రం దించి, రాత్రే పని చేసి, సూర్యుడు రాకముందే నింపాలి. ఆలస్యమైతే ట్యూబుల మీద టార్పాలిన్ కప్పండి. అది కప్పినంతసేపు మీకు టైముంది.

కోసేటప్పుడు వాల్వుతో పాటు రెండు వైపులా జానెడు పైపు, ఆ తెల్ల ఎల్బో కూడా తీసేయమనండి. పాత గేట్ వాల్వులో బోరు నీళ్ల సున్నం పట్టి ఉంటుంది, పూర్తిగా మూసుకోదు. దాని బదులు ఇత్తడి బాల్ వాల్వు. రెండు వైపులా ఇత్తడి మర ఉన్న ఎంటీఏలు. కొట్లో "బ్రాస్ ఎంటీఏ" అనడిగి, ఇచ్చినది వేలితో తడిమి చూసుకోండి. మర పసుపచ్చ లోహం అయ్యుండాలి, చుట్టూ ప్లాస్టిక్ ఉండాలి. ఇత్తడిలో ఇత్తడి తిరుగుతుంది కాబట్టి రెండూ ఒకేలా సాగుతాయి, ఒకేలా ముడుచుకుంటాయి. ఒకవైపు యూనియన్, అంటే విప్పి మళ్లీ బిగించుకునే జాయింటు, పెట్టించుకుంటే ఇంకెప్పుడూ పైపు కోయక్కర్లేదు.

టేపు చుట్టేటప్పుడు మర కొస మీవైపు చూస్తుండాలి, గడియారం ముల్లు తిరిగే దిక్కున చుట్టాలి. ఎదురు చుడితే బిగిస్తుండగానే పోగులై బయటికొస్తుంది. మన దగ్గర దొరికే పలుచటి టేపు ఎనిమిది పది చుట్లు పడుతుంది. కొందరు పాత అలవాటుగా మరలకు చుట్టే జనపనార, పూసే సఫేదా పేస్టు తెస్తారు. జీఐ ఇనప పైపుకు అది రాజా లాంటిది, కాదనను. సీపీవీసీ దగ్గరికి నూనె కలిసిన పేస్టులు రానివ్వద్దు, ప్లాస్టిక్ పగుళ్లిస్తుంది.

అతికే చోట చుక్క నీరు ఉండకూడదు. పైపులో తడి దిగుతూనే ఉంటే బ్రెడ్డు మెత్తటి భాగం ఉండ చేసి లోపలికి తోస్తారు, అతుకు అయ్యాక నీళ్లలో కరిగి పోతుంది. తమాషా కాదు, పనిచేసే చిట్కానే. తర్వాత ఓసారి కొళాయిల జాలీలు విప్పి కడగాలి, అంతే. అతికే సొల్యూషన్ సీపీవీసీదే అడగండి, డబ్బా మీద రాసుంటుంది. పైపు తిన్నగా కోసి, అంచు గరుకు గీకేసి, పైపుకూ సాకెట్లోనూ రాసి, పావు చుట్టు తిప్పుతూ చివరిదాకా తోసి, అర నిమిషం వదలకుండా పట్టుకోవాలి. మీ ప్లంబరు తోసేసి చెయ్యి వదిలేస్తే పైపు కొంచెం వెనక్కి వస్తుంది, మీకు కనబడదు. పక్కన నిలబడండి. వేడినీళ్లు మర్నాడు రాత్రి దాకా ఆ లైనులోకి వదలొద్దు.

క్లాంపులు మాత్రం మర్చిపోకండి. చివరి రెండూ వదులుచేసి పైపు జారేలా ఉంచాలి. 30 అడుగుల మధ్యలో ఎక్కడైనా నాలుగు ఎల్బోలతో పక్కకు వెళ్లి మళ్లీ వచ్చే లూపు పెట్టిస్తే సాగిన పొడుగు దానిలో సర్దుకుంటుంది. ఇదొక్కటి చేయకపోతే మిగతా పనంతా వచ్చే చలికాలం వరకే.

కె.ఆర్.పురం కాంట్రాక్టరు:

పెద్దాయన చెప్పింది కరెక్టే గానీ ఇంత అతుకులాట ఎందుకండీ? డాబా మీద ఆ 30 అడుగులు మొత్తం తీసేసి పీపీఆర్ పచ్చ పైపు వేయించండి. మెషీనుతో కరిగించి అతుకుతారు, సొల్యూషన్ లేదు, ఊడేదీ లేదు. లేదంటే అల్యూమినియం పొర ఉండే కాంపోజిట్ పైపు. మా సైట్లలో ఇప్పుడు సోలార్‌కు అదే వాడుతున్నాం. ఇంకో మాట, ఫొటోలో పైపు మీద నల్ల స్పాంజి ఎక్కడికక్కడ చిరిగిపోయింది. ఎండ తగిలిన సీపీవీసీ పెళుసుబారుతుంది. ఏ పైపు వేసినా మళ్లీ స్పాంజి తొడిగి పైన టేపు చుట్టించాలి.

పీణ్య పాత ఫిట్టరు:

స్పాంజి మాట నేను రాయాల్సింది, మీరు రాశారు, మంచిది. అయితే కొత్త జాయింట్ల మీద మాత్రం పది రోజులు స్పాంజి తొడగకండి, చెమర్చినా కనబడదు.

కాంపోజిట్ పైపు సరే. అల్యూమినియం పొర వల్ల అది సీపీవీసీలో సగం కూడా సాగదు. పీపీఆర్‌తోనే నాకు పేచీ. అతుకు ఊడదు, ఒప్పుకుంటాను. కానీ మామూలు పీపీఆర్ సీపీవీసీకి రెండింతలకు పైగా సాగుతుంది. ఎండలో ఆ పచ్చ పైపులు పాములా మెలికలు తిరిగి పడుండటం మీరూ చూసే ఉంటారు. వేస్తే మధ్యలో ఫైబర్ పొర ఉన్నదే వేయాలి. ఆవిడ లైనుకు జబ్బు పైపుది కాదు, మూసిన గాలి పైపుది, ప్లాస్టిక్ మరది, బిగుసుకున్న క్లాంపులది. అవి సరిచేస్తే ఉన్న పైపు ఇంకా చాలాకాలం వస్తుంది. ఊరికే డబ్బు పెట్టించడం ఎందుకు?

కె.ఆర్.పురం కాంట్రాక్టరు:

ఫైబర్‌దే వేస్తాం సార్, మామూలుది సోలార్‌కు వేయం. ఆ మాట రాసుండాల్సింది. కానీ మీరు చెప్పినంత ఓపిగ్గా చేసే ప్లంబరు దొరకాలిగా! అందుకే మేం మొత్తం మార్చేయమంటాం.

హిందూపురం ఆడపడుచు:

బాబాయ్ గారూ, పని అయింది. పాత ప్లంబరును పిలవలేదు. మావారి ఆఫీసులో పనిచేసే ఒకాయన తమ్ముడు వచ్చాడు, చిత్తూరు అబ్బాయి. మీరు రాసింది ఫోనులో చూపిస్తే మొదట నవ్వాడు, తర్వాత పూర్తిగా చదివి, "అక్కా, లూపు సంగతి మా మేస్త్రీ కూడా చెప్పేవాడు, ఎవరూ చోటివ్వరు" అన్నాడు. సామాను ఎస్.జె.పి. రోడ్డు నుంచి తెచ్చాడు. నేను వేలితో తడిమి చూశాకే సంచి కిందపెట్టాడు.

పాత ఎంటీఏ విప్పితే మర కొస అరిగి నున్నగా అయిపోయి ఉంది, చుట్టూ పాత టేపు పొరలు పొరలుగా నల్లగా. ఫొటో పెట్టాను. గేట్ వాల్వులో సగం దాకా సున్నమే. రింగులు కారుతున్న ట్యూబులకు కొత్త రింగులు వేశాడు. పంపు తీసేశాం. పై పోర్షన్ ఆవిడ కొంచెం ముఖం ముడుచుకుంది. పెద్ద షవర్ తీసి చిన్న రంధ్రాల షవర్ పెట్టాక ఇప్పుడు బాగానే ఉందంటోంది.

చీకటితో వెళ్లి చూశాను. వాల్వు కింద కాగితం పరిచి వచ్చాను, పొడిగానే ఉంది. సీలింగు ఆరాక సున్నం గీకించి పెయింటు వేయిస్తాం, వాటర్‌ప్రూఫింగ్ ఆపేశాం.

ఒక్క అనుమానం. ఇదంతా చూశాక ఇప్పుడు ఇంట్లో ఎక్కడ చుక్క కనబడినా గుండె గుభేల్‌మంటోంది. కింద మా బాత్రూములో 25 లీటర్ల గీజరుంది, మబ్బు రోజుల్లో వాడతాం. దానికి చన్నీళ్లు వచ్చే చోట చిన్న ఇత్తడి వాల్వు ఉంది, పక్కకు సన్న గొట్టం. గీజరు ఆన్ చేసినప్పుడు ఆ గొట్టంలోంచి చుక్కలు పడుతున్నాయి. ఆపేశాక ఆగుతాయి. ఇది కూడా మార్పించాలా?

పీణ్య పాత ఫిట్టరు:

వద్దమ్మా, అది లీకు కాదు. గీజరులో నీళ్లు వేడెక్కితే పెరుగుతాయి. 25 డిగ్రీల నుంచి 60కి వెళితే 25 లీటర్లకు సుమారు మూడోవంతు లీటరు ఎక్కువవుతుంది. వచ్చిన దారిన వెనక్కి పోనివ్వకుండా ఎన్‌ఆర్‌వీ ఉంటుంది, కాబట్టి ఆ ఎక్కువైన నీళ్లను ఈ వాల్వు బయటికి వదులుతుంది. వేడెక్కేటప్పుడు చుక్కలు, ఆగాక బంద్, ఇది సరైన పనే. దాన్ని బిగించడం, గొట్టానికి బిరడా పెట్టడం చేయొద్దు. గొట్టానికి ప్లాస్టిక్ ట్యూబు తగిలించి కింద జాలీ దాకా వదిలేయండి. గీజరు ఆపి ఉన్నా రోజంతా కారుతుంటే అప్పుడు వాల్వు మార్చాలి, సున్నం ఇరుక్కుని ఉంటుంది.

చిత్తూరు అబ్బాయి ఫోన్ నంబరు ఇక్కడ అందరికీ పెట్టకండి, నాకు మాత్రం మెసేజ్ చేయండి. మా వీధిలో ఒకరి గాలి పైపుకు కూడా క్యాప్ కనబడింది నిన్న.